ఫొటో దగ్గర ఆగినవాళ్ళు టపా దాకా రావాలంటే

(బ్లాగు రాసేవాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడినట్టే ఉంచాం, తడబాట్లు మాత్రం తీసేశాం.)

నమస్కారమండీ అందరికీ. వెనక వరసకి వినిపిస్తోందా? సరే.

తెరమీద రెండు ఫొటోలు పెట్టాను, చూడండి. ఎడమవైపుది ఒక పాత నిఘంటువు. నేనే బాగుచేశాను. కొత్త అట్ట, వీపు మీద బంగారు రంగు అక్షరాలు, కిటికీలోంచి ఏటవాలుగా పడుతున్న వెలుగు. కుడివైపుదీ అదే పుస్తకం, బాగుచెయ్యకముందు. వీపు చిరిగి లోపలి కుట్టు బయటపడింది. దారం ఒకటి వేలాడుతోంది. దాన్ని బొటనవేలితో కాస్త పక్కకి తప్పించి పట్టుకున్నాను. గోరుకి ఎండిపోయిన జిగురు అంటుకుని ఉంది, అది మాత్రం క్షమించాలి. (నవ్వులు)

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. పాడైపోయిన పుస్తకాలు బాగుచెయ్యడం నా పని. ఆ పని గురించే బ్లాగు రాస్తాను. ఈ రెండు ఫొటోలూ ఒకే వారంలో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. రెండూ ఒకే టపా కోసం. మొదటిదానికి లైకులు కురిశాయి. గుండె బొమ్మలు, చప్పట్ల బొమ్మలు, "సూపర్ మేడమ్" లు. రాత్రి కూర్చుని బ్లాగు లెక్క చూసుకుంటే, ఆ ఫొటో చూసి టపా చదవడానికి వచ్చినవాళ్ళు నలుగురు. అందులో ఒకరు మా చెల్లెలు. రెండోదానికి లైకులు అంతంతమాత్రం. కానీ ఆ వారమంతా టపాకి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్ళు వ్యాఖ్యలు రాశారు. తమ దగ్గరున్న పుస్తకాల ఫొటోలు పంపారు. "ఆ దారం తెంచెయ్యాలా, మళ్ళీ ముడి వెయ్యొచ్చా" అని అడిగారు.

ఇదేమిటో బుర్రకెక్కడానికి నాకు చాన్నాళ్ళు పట్టింది. అందమైన ఫొటోలో కథ అయిపోయింది. చూసినవాడికి ఇంకేం మిగిలింది? బాగుందనుకున్నాడు, వేలితో రెండుసార్లు తట్టాడు, కిందికి జరిగిపోయాడు. రెండోదాంట్లో దారం వేలాడుతోంది. దాని సంగతి ఏమవుతుందో తెలియాలి. తెలిసేది టపాలో. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ దారం గురించే. ఫొటోకి మెప్పు తెచ్చుకోవడం ఒక పని, బ్లాగుకి చదివేవాళ్ళని తెచ్చుకోవడం ఇంకో పని. ఒకటి చేస్తూ రెండోది చేస్తున్నానని నేను ఏడాదిపాటు అనుకున్నాను.

ముందు ఈ చోట్ల తీరు కొంచెం తెలుసుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్ వచ్చింది 2010 అక్టోబరు 6న. కెవిన్ సిస్ట్రోమ్, మైక్ క్రీగర్ అని ఇద్దరు చేశారు. అంతకుముందు వాళ్ళ చేతిలో ఉన్నది బర్బన్ అనే యాప్. ఎక్కడున్నామో స్నేహితులకి చెప్పుకోవడానికి, ఇంకా ఏవేవో చెయ్యడానికి. చూస్తే జనం అందులో ఫొటోలు పంచుకోవడం మీదే మోజు పడ్డారు. దాంతో మిగతావన్నీ పీకేసి ఫొటో, వ్యాఖ్య, లైకు మాత్రం ఉంచారు. అంటే పునాదిలోనే ఉంది సంగతి. చూడు, మెచ్చుకో, తర్వాతది చూడు. బయటికి పోయే తలుపు ఆ ప్లానులోనే లేదు. మామూలు ఖాతావాళ్ళం ఫొటో కింద రాసే క్యాప్షన్‌లో లింకు రాస్తే నొక్కినా తెరుచుకోదు కదా, ఉత్త అక్షరాలుగా పడి ఉంటుంది. అది చూసి "ఇంత పెద్ద కంపెనీకి ఇంత చిన్న విషయం తట్టలేదే" అని జాలిపడ్డదాన్ని నేను. తట్టకేం! వచ్చినవాళ్ళు లోపలే తిరుగుతుంటేనే వాళ్ళకి గిట్టుబాటు.

మనకి మిగిలిన తలుపులు రెండు. ఒకటి బయో, అంటే మన ప్రొఫైల్ పైన ఉండే పరిచయం. అక్కడ చాలా ఏళ్ళు ఒక్క లింకే ఉండేది, 2023 ఏప్రిల్ నుంచి 5 పెట్టుకోనిస్తున్నారు. రెండోది స్టోరీ. స్టోరీలు 2016 ఆగస్టులో మొదలయ్యాయి. మొదట్లో వాటిలో లింకు పెట్టాలంటే 10,000 మంది ఫాలోయర్లైనా ఉండాలి, నీలం టిక్కైనా ఉండాలి. 2021 అక్టోబరులో లింకు స్టిక్కరు అందరికీ ఇచ్చేశారు. చాలామంది బ్లాగర్లకి ఇప్పటికీ ఇది తెలియదు. "నాకంతమంది లేరుగా" అని కూర్చుంటారు. అక్కర్లేదండీ. నలభై మంది ఉన్నా స్టిక్కరు పెట్టొచ్చు. కాకపోతే 24 గంటల్లో ఆ స్టోరీ మాయమవుతుంది. హైలైట్‌గా దాచుకుంటే ప్రొఫైల్ మీద ఉంటుంది.

పింటరెస్ట్ సంగతి వేరు. అదీ 2010లోనే వచ్చింది, మార్చిలో. అక్కడ పిన్ను, అంటే బొమ్మ, పెట్టేటప్పుడే దాని వెనక మన టపా లింకు తగిలించవచ్చు. బొమ్మ ఎవరి బోర్డు మీదికి, అంటే వాళ్ళు దాచుకునే బొమ్మల పలక మీదికి, పోయినా లింకు దాంతోపాటే పోతుంది. పైగా అక్కడికి వచ్చేవాళ్ళు ఎవరు ఏం చేస్తున్నారో చూడ్డానికి రారు, ఏదో ఒకటి వెతుక్కుంటూ వస్తారు. అందుకే అక్కడ పోస్టుకి వయసు ఎక్కువ. ఇన్‌స్టాగ్రామ్‌లో నా ఫొటో రెండ్రోజుల్లో అడుగున పడిపోతుంది. పింటరెస్ట్‌లో ఎప్పుడో పెట్టి మర్చిపోయిన పిన్ను నెలల తర్వాత కూడా మనిషిని పట్టుకొస్తుంది.

అయితే దాని పేరు సరిగ్గా ఉండాలి. నేను ఒక పిన్నుకి "ఒక జ్ఞాపకం మళ్ళీ ఊపిరి పోసుకుంది" అని పెట్టాను. ఎంత మురిసిపోయానో! ఎవరైనా అలా వెతుకుతారా చెప్పండి? (నవ్వులు) తర్వాత దాన్ని "చిరిగిన పుస్తకం వీపు అతికించడం ఎలా" అని మార్చాను. కవిత్వం పోయింది, జనం వచ్చారు. కవిత్వం టపాలో రాసుకోవచ్చు, అక్కడ అడ్డుపడేవాళ్ళు లేరు.

ఎవరైనా నన్ను "రెండిట్లో ఏది" అని అడిగితే ఇలా చెప్తాను. మీ బ్లాగు ఏదైనా చెయ్యడం నేర్పేదైతే ముందు పింటరెస్ట్. మీ బ్లాగుకి బలం మీ గొంతు, మీ చూపు అయితే ఇన్‌స్టాగ్రామ్. రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి. ఆరంభశూరత్వంతో రెండు పడవల మీద కాళ్ళు పెట్టి నెల తిరక్కుండా రెండూ వదిలేసినవాళ్ళు నాకు బాగా తెలుసు, నాతో కలిపి. ఫ్లికర్ కూడా ఉంది, 2004 ఫిబ్రవరి నుంచీ ఉంది, వీటన్నిటికీ పెద్దక్క. ఫొటోగ్రఫీయే మీ విషయమైతే వెళ్ళండి, కెమెరా గురించి ఒళ్ళు మరిచి మాట్లాడేవాళ్ళు అక్కడ దొరుకుతారు. లేకపోతే అవసరం లేదు.

ఇప్పుడు అసలు పని. క్యాప్షన్.

ఇన్‌స్టాగ్రామ్ 2,200 అక్షరాల దాకా రాయనిస్తుంది. కానీ ఫీడులో కనబడేది మొదటి రెండు పంక్తులు, మిగతాదంతా "మోర్" వెనక దాక్కుంటుంది. ఆ రెండు పంక్తుల్లో మనం ఏం రాస్తాం? "ఫ్రెండ్స్, ఎట్టకేలకు కొత్త టపా రాశాను, బిజీగా ఉండి ఆలస్యమైంది, లింకు బయోలో ఉంది, చదివి మీ అభిప్రాయం చెప్పండి." నా పాత క్యాప్షన్ ఇది, అక్షరం మార్చకుండా చదివాను. దీంట్లో పుస్తకం ఎక్కడుంది? నా తీరిక గురించి ఉంది, నా ఆలస్యం గురించి ఉంది. ముక్కూమొహం తెలియని మనిషికి నా ఆలస్యంతో ఏం పని?

తర్వాత ఒకసారి ఇంకోలా రాశాను. ఫొటోలో ఒక పేజీ, దాని మీద గోధుమరంగు చార. ఇలా మొదలుపెట్టాను: "ఈ పేజీని ఎవరో ప్రేమగా అతికించారు. ఆ ప్రేమే దీన్ని పాడుచేసింది." తర్వాత నాలుగు వాక్యాల్లో సంగతి చెప్పాను. చిరిగిన పేజీకి సెల్లోటేపు వేస్తాం కదా. ఏళ్ళు గడిచేకొద్దీ దాని జిగురు పచ్చబడుతుంది, కాగితం పీచులోకి దిగుతుంది. పైనున్న పలుచటి పొర ఎండి దానంతటదే ఊడిపోతుంది, మరక మాత్రం ఉండిపోతుంది. అందుకే పుస్తకాలకి సెల్లోటేపు వెయ్యకండి అని చెప్పాను. చివర: "మరైతే ఇప్పటికే వేసేసినవాళ్ళు ఏం చెయ్యాలి? గట్టిగా లాగొద్దు. లాగితే ఏమవుతుందో, నేనెలా తీశానో 9 ఫొటోలతో బ్లాగులో రాశాను."

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. సగం చెప్పి ఊరించడం మోసం కాదా అని మీలో కొందరికి అనిపిస్తుంది. నాకూ అనిపించింది. "దీని తర్వాత ఏం జరిగిందో తెలిస్తే నమ్మలేరు" లాంటివి రాస్తే అది మోసమే. చూడండి, ఆ క్యాప్షన్ చదివి బ్లాగుకి రాకుండా వెళ్ళిపోయిన మనిషి కూడా ఖాళీ చేతులతో పోలేదు. సెల్లోటేపు వెయ్యకూడదు, వేస్తే లాగకూడదు. ఆ రెండు ముక్కలూ పూర్తిగా ఇచ్చాను. ఒక చిన్న విషయం పూర్తిగా ఇచ్చెయ్యండి, దాని వెనకున్న పెద్ద విషయం తలుపు తీసి చూపించండి. రానివాడు కూడా మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటాడు, పదోసారి వస్తాడు.

ఒకే పోస్టులో ఎక్కువ ఫొటోలు పెట్టడం 2017లో వచ్చింది. అప్పుడు 10, తర్వాత 2024లో 20 చేశారు. కానీ 20 ఉన్నాయి కదా అని టపా మొత్తం ముక్కలు చేసి అక్కడే పెట్టేస్తే ఇంక బ్లాగెందుకు? నేను నాలుగైదు దాటను. మొదటిది దెబ్బ, రెండోది దగ్గరగా అదే దెబ్బ, మూడోది పనిముట్లు, నాలుగోది పని సగంలో ఉండగా. పూర్తయిన పుస్తకం ఫొటో బ్లాగులోనే.

బొమ్మ కొలతలు ఇష్టం లేనివాళ్ళు కాసేపు ఫోను చూసుకోండి. ఇన్‌స్టాగ్రామ్ 2015 ఆగస్టు దాకా చదరం తప్ప ఇంకోటి ఒప్పుకునేది కాదు. ఇప్పుడు నిలువు ఫొటోలకే తెరమీద చోటు ఎక్కువ. నేను 1080 వెడల్పు, 1350 ఎత్తు వాడతాను. పింటరెస్ట్‌కి 1000 వెడల్పు, 1500 ఎత్తు. ముఖ్యమైనది ఫొటో మధ్యలో పెట్టండి, ఎందుకంటే ప్రొఫైల్లో వరసగా చూపించేటప్పుడు అంచులు కోసేస్తారు. ఆ కొలత 2025 మొదట్లో మార్చారు కూడా. నా పాత ఫొటోల మీద రాసుకున్న పేర్లన్నీ అటూ ఇటూ తెగిపోయాయి.

పేర్లంటే గుర్తొచ్చింది. ఫొటో మీద తెలుగులో రాసేవాళ్ళు ఎందరు? చేతులెత్తండి. చాలామందే. కొన్ని బొమ్మల యాప్‌లకి మన వత్తులు మింగుడుపడవు. వత్తు అక్షరం కిందికి రాకుండా పక్కన కూర్చుంటుంది, లేదా కింద తెగిపోతుంది. "పుస్తకం" అని రాస్తే "పుస్" దగ్గర పొల్లు పెట్టి "తకం" అని విడిగా వచ్చింది నాకు ఒకసారి. పెట్టేశాక చూసుకున్నాను. పెట్టేముందు ఫోన్లోనే, మీ పాఠకుడు చూసే సైజులోనే ఒకసారి చూసుకోండి. పంక్తికీ పంక్తికీ మధ్య చోటు ఇంగ్లీషుకి చాలినంత మనకి చాలదు, కొంచెం పెంచండి.

హ్యాష్‌ట్యాగుల గురించి ఎక్కువ చెప్పను. ఆ ఆలోచన క్రిస్ మెస్సినా 2007 ఆగస్టులో ట్విట్టర్లో పెట్టాడు, ఇన్‌స్టాగ్రామ్ 2011లో తెచ్చుకుంది. ఒకప్పుడు 30 దాకా పెట్టుకోనిచ్చేవారు, నేను 30కి 30 పెట్టేదాన్ని, సంతకాల సేకరణలాగా. ఉపయోగం ఏమీ కనబడలేదు. ఫొటోలో నిజంగా ఏముందో చెప్పే మూడు నాలుగు మాటలు చాలు.

ఇప్పుడు మనిషి లింకు నొక్కాడనుకోండి. అక్కడితో గెలిచామనుకుంటాం. చాలామందిమి పాఠకుణ్ణి పోగొట్టుకునేది ఆ తర్వాతే.

మా స్నేహితురాలి ఫోన్లో నా లింకు నేనే నొక్కి చూశాను ఒకసారి. ఇన్‌స్టాగ్రామ్ ఆ పేజీని తన కడుపులోనే తెరిచింది. బయట బ్రౌజరులో కాదు, తన సొంత కిటికీలో. తెల్లగా ఉంది. ఇంకా తెల్లగానే ఉంది. అప్పుడు బ్లాగు పేరు వచ్చింది, కింద నా పరిచయం, కింద "మా ఉత్తరాల జాబితాలో చేరండి" అని ఒక డబ్బా లేచి మొత్తం కప్పేసింది. ఆ డబ్బా మూసే గుర్తు ఎక్కడుందో నాకే దొరకలేదు! (నవ్వులు) తను "ఇదేంటే" అని పైన ఇంటూ గుర్తు నొక్కి వెనక్కెళ్ళిపోయింది.

ఆ రాత్రే మూడు పనులు చేశాను. ఫోనుతో తీసిన ఫొటోలు ఒక్కొక్కటి 3, 4 ఎంబీ ఉన్నవి అలాగే ఎక్కించేసేదాన్ని, వాటిని కుదించి వందల కేబీల్లోకి తెచ్చాను. ఆ డబ్బా పీకేసి, టపా చివర రెండు పంక్తుల్లో అడిగాను. ముఖ్యంగా, ఏ ఫొటో చూసి మనిషి వచ్చాడో అదే ఫొటో టపాలో అన్నిటికన్నా పైన పెట్టాను. కొత్త చోటికొచ్చిన మనిషికి తను వచ్చింది సరైన చోటికేనని వెంటనే తెలియాలి. ఫొటోలో దారం చూసి వచ్చాడు, వచ్చేసరికి దారం ఎదురుపడాలి. ఆ కిటికీలో లాగిన్లు గట్రా మళ్ళీ మొదటినుంచీ అడుగుతాయి కాబట్టి లాగిన్ అయితేనే వ్యాఖ్య రాయనిచ్చే పద్ధతి కూడా మానేశాను.

బయో లింకు విషయం. ప్రతిసారీ మార్చేవాళ్ళున్నారు. మార్చాక పాత ఫొటో దగ్గర "లింకు బయోలో" అని ఉంటుంది, బయోలో వేరే లింకుంటుంది. లింకుల పేజీలు తయారుచేసిపెట్టే సైట్లు కూడా ఉన్నాయి. నేను నా బ్లాగులోనే ఒక పేజీ చేసుకున్నాను. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఫొటోలే చిన్నవిగా అదే వరసలో ఉంటాయి, దేన్ని నొక్కితే దాని టపా. వచ్చినవాడు మొదటి అడుగే మన వాకిట్లో వేస్తాడు, మధ్యలో ఇంకొకరి వరండా ఎందుకు?

లెక్కలు చూసుకోండి, కానీ సరైనవి. యాప్‌ల నుంచి వచ్చినవాళ్ళలో చాలామంది లెక్కల్లో "డైరెక్ట్" అనే గంపలో పడతారు, ఎక్కణ్ణుంచి వచ్చారో తెలియదు. అందుకే లింకు చివర యూటీఎం ముక్క, అంటే ఎక్కణ్ణుంచి వచ్చారో చెప్పే చిన్న గుర్తు, తగిలించాలి. ఆ "యూ" అంటే అర్చిన్. గూగుల్ 2005లో కొన్న కంపెనీ పేరు అది, కంపెనీ పోయినా ఆ అక్షరం మన లింకుల తోకన మిగిలింది. స్టోరీకి ఒక తోక, బయోకి ఒక తోక, పిన్నుకి ఒక తోక. నెల తిరిగేసరికి ఎవరు ఎటునుంచి వచ్చారో, వచ్చి ఎంతసేపు కూర్చున్నారో కనబడుతుంది. నేను లైకుల లెక్క చూడ్డం మానేశాను. ఎంతమంది దాచుకున్నారు, ఎంతమంది వేరేవాళ్ళకి పంపారు, అవి చూస్తాను. సెల్లోటేపు పోస్టు ఇందాకటి అందమైన ఫొటోకన్నా లైకుల్లో ఎంతో వెనక, దాచుకున్నవాళ్ళ లెక్కలో ఎంతో ముందు.

ఫాలోయర్ల సంఖ్య చూసి ధైర్యం తెచ్చుకోకండి. 2016 దాకా ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు పెట్టిన వరసలోనే కనబడేవి. ఆ ఏడాది ఆ వరస తీసేసి, ఎవరికేది చూపాలో యంత్రమే తేల్చే పద్ధతి తెచ్చారు. తుమ్మితే ఊడే ముక్కండీ అది. వచ్చినవాళ్ళలో పదిమందైనా ఈమెయిల్ ఇస్తే ఆ పదిమంది మీవాళ్ళు.

ఇంకో రెండు చిన్నవి. ఫోను తీసే ఫొటోలో ఎక్కడ తీశామో కూడా దాగి ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్ చూసేవాళ్ళకి అది చూపించదు. కానీ మనం బ్లాగులో నేరుగా ఎక్కించే ఫైల్లో ఉండిపోవచ్చు. ఇంట్లో తీసిన ఫొటోలైతే కెమెరాలో లొకేషన్ ఆపెయ్యండి. రెండోది, ఆల్ట్ టెక్స్ట్, అంటే ఫొటోలో ఏముందో చెప్పే మాటలు. చూపు లేనివాళ్ళ ఫోను ఆ మాటలే చదివి వినిపిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో 2018 నవంబరు నుంచి మనమే రాసుకోవచ్చు. "పుస్తకం ఫొటో" అని రాయకండి. "వీపు చిరిగిన లావుపాటి పుస్తకం, వేలాడుతున్న దారాన్ని బొటనవేలు పక్కకి పట్టుకుంది" అని రాయండి. అలా రాయడం అలవాటయ్యాక నా ఫొటోలే మారాయి. మాటల్లో చెప్పడానికి ఏమీ లేని ఫొటోలు పెట్టడం మానేశాను.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: నేను వ్యాసాలు రాస్తానండీ, సాహిత్యం మీద. ఫొటో తియ్యడానికి నా దగ్గర ఏముంది?

మీరు కాగితం మీద రాస్తారా? రాస్తారు కదా. కొట్టివేతలు ఉంటాయా? ఆ పేజీ తీయండి. మొదటి వాక్యం మూడుసార్లు కొట్టేసి నాలుగోసారి రాసిన పేజీ. ఒక మంచి వాక్యాన్ని రంగు కాగితం మీద అచ్చేసినట్టు పెడితే అది అక్కడికే పూర్తయిపోతుంది. కొట్టేసిన వాక్యం చూస్తే, ఎందుకు కొట్టేశారా అని అడగాలనిపిస్తుంది.

ప్రశ్న: రీల్స్ చెయ్యక తప్పదా?

2020లో వచ్చినప్పటినుంచీ కొత్తవాళ్ళకి ఎక్కువగా చూపించేది అవే, కాదనను. కానీ వీడియో చూసే ఊపులో ఉన్న మనిషి చదవడానికి లేవడం కష్టం. నేను నెలకి ఒకటి చేస్తాను, సూదిలో దారం ఎక్కించడం, అట్టకి జిగురు రాయడం, అలాంటివి. మాటలుండవు. ఇష్టమైతే చెయ్యండి, ఏడుస్తూ చెయ్యకండి.

ప్రశ్న: మేడమ్, నాకు మొహం చూపించడం ఇష్టం లేదు. ఇంట్లోవాళ్ళకీ ఇష్టం లేదు. మొహం లేకపోతే జనం నమ్ముతారా?

నా ప్రొఫైల్లో నా మొహం ఒక్క ఫొటోలోనూ లేదమ్మా. ఇవాళ పొద్దున లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గర పేర్లు రాసుకుంటున్న అబ్బాయి పెన్ను ఇచ్చాడు. సంతకం చేస్తుంటే నా చెయ్యి చూసి, "పుస్తకాల మేడమ్ మీరేనా?" అన్నాడు. ఎలా తెలిసిందన్నాను. బొటనవేలు చూపించాడు. గోరుకి ఇవాళ కూడా జిగురుంది.